ఇరవై ఒక్క దినాల ఉపవాసం, ఒక మూసిన వాల్వు

పోయిన నెల మా ఊరి చర్చిలో ఒక యువకుడు సాక్ష్యం చెప్పడానికి లేచాడు. చెప్పాడు అనడం కంటే చూపించాడు అనాలి. జేబులోంచి కొత్త కారు తాళం తీసి, పైకెత్తి, మూడుసార్లు ఊపి, "దేవుడు నాతో ఉన్నాడనడానికి ఇదే రుజువు" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్ళు మండిపోయింది. తాళం ఊపితేనే దేవుడు కనబడేటట్టయితే, బజార్లో తాళాలు బాగుచేసేవాడు ఈపాటికి అపొస్తలుడు అయిపోయి ఉండాలి కదా! లేచి నాలుగు దులుపుదామని చేతికర్ర మీద బరువు మోపాను కూడా. మోపాక గుర్తొచ్చింది. ఈ తాళం ఊపుడు అతగాడు కనిపెట్టింది కాదు. ఎన్నో ఏళ్ళ ముందే ఒమన్‌లో, సీబ్ అనే ఊళ్ళో పనిచేసే ఒక ఏసీ మెకానిక్ పికప్ బండి తాళం ఊపి ఇదే మాట అన్నాడు. ఆ మెకానిక్‌ని నేనే.

మళ్ళీ కూర్చున్నాను. పక్కనున్న పెద్దాయన "కాళ్ళు తిమ్మిరెక్కాయా?" అని అడిగాడు. అవునన్నాను. అది కూడా అబద్ధమే.

అందుకని, కుర్రవాళ్ళారా, చర్చిలో చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను. నేను ఏడో తరగతితో బడి మానేసిన మనిషిని. తెలుగు బైబిలు చదివి నేర్చుకున్నాను, ఇంగ్లీషు ఏసీ పెట్టెల్లో వచ్చే పుస్తకాలు చదివి నేర్చుకున్నాను. కాబట్టి నా తెలుగులో ప్రసంగం వాసన, ఇంగ్లీషులో గ్యాసు వాసన వస్తాయి. సర్దుకుపోండి.

సీబ్‌లో మాది విల్లాల ఏసీలు చూసే మెయింటెనెన్స్ కంపెనీ. ఒక్కో వ్యాన్‌కి ఇద్దరు మనుషులు. నా జత కడప వైపు నుంచి వచ్చిన సాయిబు. అందరికీ భాయ్. వయసులో నాకంటే చిన్న, సర్వీసులో నాకంటే పెద్ద, పనిలో నేను అతని దరిదాపుల్లోకి రాను. చెయ్యి ఆనించి పైపు చల్లదనం చెప్పేవాడు. నేను మీటరు పెట్టి చూస్తే అదే వచ్చేది. మా జతకి ఒక పద్ధతి ఉండేది. నేను మేడ మీద బయటి మిషన్ దగ్గర, అతను కింద గదిలో. పైనున్నవాడు "అయిపోయింది" అని కేకేస్తే, కిందున్నవాడు ఇంటివాళ్ళతో పేపరు మీద సంతకం పెట్టించి, తనూ సంతకం పెడతాడు. పైకెక్కి సరిచూడడాలూ అవీ లేవు. మాట మీద సంతకం. తొమ్మిదేళ్ళు అలాగే నడిచింది.

మేడ మీద నేను ఒంటరిగా ఉండేవాణ్ణి కాదు. దేవుడితో మాట్లాడుతూ ఉండేవాణ్ణి. మోకాళ్ళ మీద పడి కాదు, పని చేసుకుంటూ. "నాయనా, ఈ నట్టు తిరిగేలా చూడు." "నాయనా, ఇంత ఎండ అవసరమా?" "నాయనా, ఇంటి దగ్గర ఆవిడకి జ్వరం తగ్గిందో లేదో." కింద నుంచి భాయ్ వినేవాడు.

"ఎవురితో మాట్లాడ్తాండావప్పా, బోల్టుతోనా?"

"దేవుడితో భాయ్."

"ఆయప్పకు ఏసీ పని తెలుసునా?"

"నీకంటే కాస్త తెలుసు."

"అట్లయితే ఆయన్నే కిందికి దిగి సంతకం పెట్టమను, నాకు నిద్రొస్తాంది."

అప్పట్లో ఆ మాటల విలువ నాకు తెలియదు. అవి నాకు ప్రార్థనలాగా కూడా అనిపించేవి కావు. ప్రార్థన అంటే శుక్రవారం (అక్కడ సెలవు రోజు అదే) చర్చిలో, మైకు ముందు, గొంతు పెంచి చేసేది అనుకునేవాణ్ణి.

శుక్రవారం పొద్దున చర్చిల ఆవరణ గేటు దగ్గర భాయ్ నన్ను వ్యాన్‌లో దింపేవాడు. తను జుమా నమాజుకి పోయి, అయ్యాక వచ్చి ఎక్కించుకునేవాడు. మా తెలుగు సహవాసానికి నేను సెక్రటరీని. చదువు లేనివాడికి పదవి ఇస్తే ఏం చేస్తాడు? రూలు పెడతాడు. సాక్ష్యాల సమయంలో ఎవరు పడితే వాళ్ళు లేచి ఏదో ఒకటి చెప్పి కూర్చుంటున్నారని, నేనొక రూలు పెట్టాను. సాక్ష్యం చెప్పేవాళ్ళు ముందుగా నా దగ్గర పేరు ఇవ్వాలి. ఏం మేలు జరిగిందో ఒక ముక్కలో చెప్పాలి. వీసా రెన్యువలా, ప్రమోషనా, ఊళ్ళో ఇల్లా, ఇంటికి ఏసీయా. మేలు పెద్దదైతే ఐదు నిమిషాలు, చిన్నదైతే రెండు. మేలు లేకపోతే మైకు లేదు.

ఈ రూలుకి మొదట బలైంది ఒక అక్క. కోనసీమ నుంచి వచ్చి సీబ్‌లో ఒక ఇంట్లో పనిచేసేది. ప్రతి శుక్రవారం సెలవు దొరికేది కాదు. దొరికిన శుక్రవారం వెనక వరసలోంచి లేచి, "ఈ వారం కూడా ఆయన నన్నొదల్లేదండి. అంతేనండి" అని కూర్చునేది. ఎప్పుడూ అదే. నాకు చిరాకు.

"అక్కా, సాక్ష్యం అంటే ఏదో ఒకటి జరగాలి. ఏం మేలు జరిగిందో చెప్పు, రాసుకుంటాను" అన్నాను ఒకరోజు.

"మేలే చెప్పేను గదా తమ్ముడూ."

"అది మేలు కాదక్కా. మేలు అంటే... కనబడాలి."

ఆమె కొంచెంసేపు ఆలోచించి, "అయితే నాకేం లేదు తమ్ముడూ, వేరేవోళ్ళకివ్వు టైము" అని నవ్వి వెళ్ళిపోయింది. నేను ఆమె పేరు పక్కన 'మేలు: లేదు' అని రాసుకున్నాను. ఈ చేత్తోనే. అదే చేత్తో ఇప్పుడు ఇది రాస్తున్నాను.

ఆ ఏడాది మొదటి శుక్రవారం మామూలుగా వాగ్దానం కార్డులు తీశాం. పెట్టెలో చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని, ఒకటి తీసుకోవాలి. ఆ ఏడాదంతా అదే మన వాగ్దానం. నాకు వచ్చిన కార్డులో ఆస్తి గురించి లేదు, హెచ్చింపు గురించి లేదు. దేవుడే నీ పాలు, నీ వంతు, ఆయన చాలు అనే అర్థం వచ్చే చిన్న వాక్యం. నాకు నచ్చలేదు. చాలు అంటే ఎలా? ఇంకా నాలుగేళ్ళు సర్వీసు ఉంది! చేతులు జోడించినట్టు నటించి, కార్డు మళ్ళీ పెట్టెలోకి జార్చి, ఇంకొకటి తీశాను. అందులో హెచ్చింపు ఉంది. బంగారు అంచు కూడా ఉంది. నా వెనక వచ్చిన అక్కకి నేను వదిలేసిన కార్డే తగిలింది. "అబ్బ, నాకు పెద్దదే వచ్చేసింది" అందామె.

దేవుడితో లాటరీ ఆడి, అందులోనూ దొంగాట ఆడినవాణ్ణి నేను.

మే నెలలో సీబ్ సూపర్‌వైజర్ పోస్టు ఖాళీ అయింది. ఆ గ్రేడుకి సొంత గది, కంపెనీ పికప్, అన్నిటికంటే ముఖ్యంగా ఫ్యామిలీ వీసా. ఆ పోస్టు ఎవరిదో కంపెనీలో అందరికీ తెలుసు. భాయ్‌ది. పద్నాలుగేళ్ళుగా భార్యని రెండేళ్ళకొకసారి, రెండు నెలలు చూసిన మనిషి. ముందే ఖురం బజారుకి వెళ్ళి నీలం పువ్వులున్న టీ కప్పులు నాలుగు కొన్నాడు. ఆ రంగు ఎంచింది నేనే. వాటిని పాత దినపత్రికలో చుట్టి మంచం కింద పెట్టుకున్నాడు. "ఆమె వచ్చినంకనే తీసేది. అంతవరకూ స్టీలు గ్లాసే" అనేవాడు.

నాకూ ఆ పోస్టు కావాలనిపించింది. ఎందుకు? మా ఆవిడకి మోకాళ్ళు పోయాయి, విమానం ఎక్కనంటుంది. నాకు ఫ్యామిలీ వీసాతో పని లేదు. అయినా కావాలి. కార్డులో హెచ్చింపు అని ఉంది కదా! ఇరవై ఒక్క దినాల ఉపవాసం పట్టాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ముద్ద ముట్టేది లేదు. కోరిక ఒకటే అని కాగితం మీద రాసి బైబిల్లో పెట్టుకున్నాను: సూపర్‌వైజర్, సీబ్.

రెండో వారంలో భాయ్ కనిపెట్టాడు.

"ఎందుకప్పా ఈ ఉపవాసం? ఇంట్లో ఎవురికన్నా బాగలేదా?"

పోస్టు కోసం అని అతని మొహాన ఎలా చెప్పను? "ఒక ప్రార్థన ఉంది భాయ్" అన్నాను.

"మేము నెల పొడుగునా రోజా ఉంటాం. కానీ రోజా అంటే దరఖాస్తు కాదయ్యగారూ. కింద సంతకం పెట్టి పైకి పంపేది కాదు. సరే గానీ, నీళ్ళన్నా తాగు. ఎండకు రాలిపోతావు."

అయ్యగారు అని వెక్కిరించాడని కోపం వచ్చింది. నీళ్ళు కూడా మానేశాను.

ఇరవయ్యో దినం. జూన్. మధ్యాహ్నం మేడ మీద పనిచేయించకూడదని అక్కడ చట్టం ఉంది, కాబట్టి ఆలోపల ముగించాలి. ఒక విల్లాలో ముసలమ్మ గది. మంచం అటు మార్చారు, ఏసీ ఇటు మార్చాలి. ఇలాంటప్పుడు ముందు గ్యాసంతా బయటి మిషన్‌లోకి లాగి అక్కడ వాల్వులు మూస్తాం. గదిలో ఏసీని కొత్త గోడకి బిగించాక వాల్వులు తెరవాలి. తెరవకపోతే మిషను తిరుగుతూనే ఉంటుంది. శబ్దం వస్తుంది, గాలి వస్తుంది. చల్లదనం మాత్రం రాదు. అలా తిరిగీ తిరిగీ చివరికి కంప్రెసర్ కాలిపోతుంది.

ఒక వాల్వు తెరిచాను. రెండోది తెరిచే లోపల కళ్ళ ముందు నల్లటి చుక్కలు. పిట్టగోడ నీడలో కూర్చున్నాను. ఎంతసేపు కూర్చున్నానో తెలీదు. లేచేసరికి రెండూ తెరిచేశాననే నమ్మకం గట్టిగా ఉంది. ఖాళీ కడుపులో నమ్మకాలు బాగా గట్టిపడతాయి.

"అయిపోయింది భాయ్!" అని కేకేశాను.

"పైపు పట్టుకొని సూసినావా?"

"చూశాను!"

చూడలేదు. వంగితే పడిపోతానని భయం. భాయ్ సంతకం పెట్టాడు. చట్టం చెప్పిన వేళ ముంచుకొస్తోంది, రెండో విల్లా మిగిలే ఉంది. గది చల్లబడే దాకా ఆగలేదు.

ఆ మధ్యాహ్నమంతా ముసలమ్మ ఆ గదిలో వేడిగాలిలో పడుకుంది. మంచం దిగలేని మనిషి. సాయంత్రం కొడుకు వచ్చి చూసేసరికి స్పృహ లేదు. ఆస్పత్రిలో చేర్చారు. మూడో రోజుకి కోలుకుందని తెలిసింది గానీ, మర్నాడు పొద్దున మా ఇంజనీరు గదిలో మేమిద్దరం నిలబడ్డప్పుడు ఆమె బతుకుతుందో లేదో మాకింకా తెలియదు.

ఇంజనీరు మలయాళీ. అరిచేవాడు కాదు. అది ఇంకా భయం. కంప్లయింట్ కాగితం ముందు పెట్టి, "ఛత్ పే కౌన్ థా?" అని అడిగాడు. మేడ మీద ఎవరున్నారు అని.

భాయ్ నా వైపు చూశాడు. కోపంగా కాదు. సైకిలు నేర్చుకునేవాణ్ణి వదిలేసి, తొక్కుతాడా లేదా అని చూస్తారే, అలా.

నేను నేల మీద పలకలు చూశాను. ఆ రోజు ఇరవై ఒకటో దినం. ఇంకొక్క పూట ఓపిక పడితే ఉపవాసం పూర్తి. ఈ పూట నోరు జారితే ఇరవై దినాలూ వృథా. నవ్వకండి. నిజంగా అదే లెక్కేశాను. దేవుడి కోసం పస్తున్నవాణ్ణి, దేవుడు చూస్తుండగా, దేవుడికిష్టమైన ఒకే ఒక్క పని చెయ్యకుండా, దాన్ని ఓర్పు అనుకున్నాను.

"కాగజ్ పే సైన్ మేరా హై, సర్" అన్నాడు భాయ్. కాగితం మీద సంతకం నాది.

అతనికి వార్నింగ్ లెటర్ ఇచ్చి బహ్లా బ్రాంచికి పంపారు. అక్కడ పొలాలు, దుకాణాలు, కట్టుబడి సైట్లు, గదికి నలుగురు. ఫ్యామిలీ వీసా మాట అక్కడితో సరి. వ్యాన్ ఎక్కేటప్పుడు దినపత్రిక మూట ఒళ్ళో పెట్టుకున్నాడు. పది రోజులకి నాకు సూపర్‌వైజర్ పోస్టు వచ్చింది. పోటీ ఎవరూ లేరు కదా!

ఆ శుక్రవారమే తాళం ఊపాను. నాకు నేనే ఐదు నిమిషాలు ఇచ్చుకుని పది నిమిషాలు మాట్లాడాను. "దేవుడు నా దారిలో అడ్డు తొలగించాడు" అన్నాను. చప్పట్లు. కొందరు కళ్ళు తుడుచుకున్నారు. నేనూ తుడుచుకున్నాను. నా మాటలు నాకే బాగా నచ్చాయి.

ఆరాధన అయ్యాక గేటు దగ్గర అక్క ఎదురైంది.

"తమ్ముడూ, నిన్ను దింపడానికొచ్చేవోడు, ఆ సాయిబు తమ్ముడేడీ? ఇయ్యాల కనపళ్ళేదు."

"బహ్లా వేశారక్కా."

"ఎందుకూ?"

"ఏదో... పనిలో పొరపాటు."

"అయ్యో. వోళ్ళావిణ్ణి తెచ్చుకుంటానని మురిసిపోయేవోడు గదా." ఏ ఎత్తిపొడుపూ లేకుండా, నిజంగానే తెలుసుకుందామని అడిగింది. "నీకు పోస్టొచ్చింది. మరి ఆ తమ్ముడికేం మేలు జరిగింది?"

ఇంటికొచ్చే దారంతా ఆ ప్రశ్నకి జవాబులు తయారుచేశాను. ఒక్కటీ నాకే రుచించలేదు.

తర్వాతి మూడు నెలలు నా జీవితంలో అన్నీ ఉన్న నెలలు. సొంత గది. గదికి మంచి ఏసీ. పికప్ డ్యాష్‌బోర్డు మీద బంగారు అంచు కార్డు. మేడలెక్కే పని లేదు. కింద నిలబడి పైవాళ్ళని కేకేయడమే. మరి దేవుడితో మాట్లాడదామంటే మాట రాదు. "నాయనా" అంటాను. ఆ తర్వాత ఏమనాలో తోచదు. అడగడానికి ఏమీ మిగల్లేదు. చెప్పాల్సింది ఒకటే ఉంది, అది చెప్పను. మోకాళ్ళ మీద కూర్చుంటే మోకాళ్ళ నొప్పి తప్ప ఇంకేమీ తెలిసేది కాదు. శుక్రవారం మైకు ముందు మాత్రం గొంతు బ్రహ్మాండంగా పలికేది. తిరుగుతున్నాను, శబ్దం వస్తోంది, గాలి వస్తోంది. ఆ సెప్టెంబరులో కార్డు వైపు చూస్తే అక్షరాలు ఎండకి వెలిసిపోయి, అంచు మాత్రం మిగిలింది.

ఒకరోజు ఒక విల్లా మేడ మీద కొత్త మెకానిక్ పని చేస్తుంటే కింద నిలబడి ఉన్నాను. పైన అతను ఊరికే ఈల వేసుకుంటున్నాడు. ఎవరితోనూ మాట్లాడటం లేదు. పోస్టు తీసుకుని నేను పోగొట్టుకున్నది ఏమిటో అక్కడ, ఆ మెట్ల కింద తెలిసింది. ఆ మేడ మీది కబుర్లే నా ఆస్తి. వాటిని అమ్మి ఒక పికప్ కొనుక్కున్నాను.

ఆ శుక్రవారం చర్చికి వెళ్ళలేదు. సెక్రటరీ అయ్యాక మొదటిసారి. పికప్ బహ్లా దారి పట్టించాను.

రెండు గంటల పైన ప్రయాణం. భాయ్ జుమా నుంచి వచ్చి ఒక దుకాణాల వరస మీద బయటి మిషన్లు కడుగుతున్నాడు. శుక్రవారం దుకాణాలు మూసి ఉంటాయి కాబట్టి ఆ పని ఆ రోజే. నేను నిచ్చెన ఎక్కి, "భాయ్" అన్నాను. తిరిగి చూశాడు.

"వచ్చినారా అయ్యగారూ. ఆ పైపు పట్టుకోండి."

నీళ్ళ పైపు. పట్టుకున్నాను. సూపర్‌వైజర్ చొక్కా తడిసి ముద్దయింది. నాలుగు మిషన్లు కడిగాం. ఐదో దాని దగ్గర నేనే అన్నాను. "ఆ రోజు నేను రెండో వాల్వు తెరవలేదు భాయ్. పైపు చూడలేదు. చూశానని అబద్ధం చెప్పాను."

"తెలుసు."

"తెలుసా?"

"పొద్దున కంప్లయింటుకు నన్నే కదా ముందు పంపింది? పైకెక్కినా. వాల్వు మూసే ఉండాది. నేనే తెరిచినా, ఇంజనీరు మనిషి వచ్చి సూసే లోపల. కంప్రెసర్ అప్పటికే పోయింది."

"మరి చెప్పలేదేం?"

అతను బ్రష్ పక్కన పెట్టాడు. "నువ్వు చెప్తావని. దినామూ ఆయనతో మాట్లాడే మనిషివి గదా. ఆయన నీకు చెప్తాడు, నువ్వు ఇంజనీరుకు చెప్తావు అనుకున్యా. ఆ రూములో అనుకున్యా. బహ్లా బండి ఎక్కే దాకా అనుకున్యా. సూసి సూసి ఏమనుకున్యానో తెలుసునా? ఈయప్ప ఇన్నేండ్లూ బోల్టుతోనే మాట్లాడినాడేమో అని."

నేను వంగి అతని కాళ్ళు పట్టుకోబోయాను. గట్టిగా కసిరాడు.

"లెయ్! నా కాళ్ళు పట్టుకుంటే నీకు హాయిగా ఉంటాది. నాకేమొస్తాది? ఆ ముసలామెకేమొస్తాది? ఎవురికి చెప్పాల్నో వాళ్ళకు చెప్పుపో."

కిందకి దిగాక గదికి తీసుకెళ్ళి టీ పెట్టాడు. మంచం కింద నుంచి దినపత్రిక మూట తీశాడు. చుట్టు విప్పి, నీలం పువ్వుల కప్పు ఒకటి కడిగి, టీ పోసి నాకిచ్చాడు.

"అది వద్దు భాయ్. స్టీలు గ్లాసులో ఇవ్వు."

"ఇంగ ఎవురికోసం దాచేది? తాగు."

తాగాను. నా జీవితంలో అంతకంటే చేదు టీ తాగలేదు. చక్కెర సరిగ్గానే వేశాడు.

తిరుగు ప్రయాణంలో "నాయనా" అన్నాను. ఆ తర్వాత మాట వచ్చింది. ఒకటి కాదు, సీబ్ వచ్చేదాకా ఆగలేదు. పక్కన పోయే బండ్లవాళ్ళు ఈ ముసలాడికి పిచ్చి అనుకుని ఉంటారు.

ఆదివారం ఇంజనీరు దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పాను. కొండంత పశ్చాత్తాపంతో వెళ్ళాను, పెద్ద శిక్ష ఏదో పడుతుందని. ఆయన కంప్యూటర్ మీంచి కళ్ళు తిప్పలేదు.

"ఫైల్ క్లోజ్ హో గయా. వాళ్ళకి కొత్త మిషన్ ఇచ్చాం. ఇప్పుడెందుకు ఇదంతా? జావ్, ప్రార్థన చేసుకో."

"చేసుకునే వచ్చాను సార్."

చూశారా నా గతి! పోస్టు రావడానికి ఇరవై ఒక్క దినాలు పట్టింది. పోగొట్టుకోవడానికి నలభై దినాలు ఉపవాసం ఉండాలేమో అనుకున్నాను. మూడుసార్లు తిరిగాను. చివరికి నా గ్యాసు వాసన ఇంగ్లీషులో కాగితం రాసి, సంతకం పెట్టి, పై మేనేజరు బల్ల మీద పెట్టాను. అందులో నాలుగు తప్పులున్నాయట. ఇంజనీరు ఎర్ర పెన్నుతో చుట్టి మరీ చూపించాడు. కాగితం మీద ఉన్నాక మాత్రం ఎవరూ కాదనలేకపోయారు.

ముసలమ్మ ఇంటికీ వెళ్ళాను. కొడుకు తలుపు దగ్గరే నిలబెట్టి కేకలేశాడు. వెయ్యాల్సినవే. లోపల నుంచి ఆమె గొంతు, ఎవరొచ్చారని. కొడుకు చెప్పాడు. ఆమె ఏదో అంది. అతను కాసేపు పళ్ళు కొరుకుతూ నిలబడి, నన్ను లోపలికి రమ్మని ఖర్జూరాలూ, కహ్వా అనే వాళ్ళ కాఫీ ముందు పెట్టాడు. ఇంటికొచ్చినవాణ్ణి ఖాళీ కడుపుతో పంపకూడదని ఆమె అన్నదట. ఖాళీ కడుపు! ఆమెకెలా తెలుసు అనుకున్నాను.

నెల తిరిగేసరికి భాయ్ సీబ్‌కి సూపర్‌వైజర్‌గా వచ్చాడు. నన్ను పాత గ్రేడులో బహ్లా వేశారు. తాళం అప్పగించేటప్పుడు భాయ్ డ్యాష్‌బోర్డు చూసి, "ఏందిది, తెల్ల కార్డు?" అన్నాడు. పీకేయమన్నాను. చలికాలంలో అతని భార్య వచ్చింది. నన్ను భోజనానికి పిలిచారు. ఇప్పుడు కప్పులు మూడే, నాలుగోదాని చెవి విరిగింది. ఎవరు విరిచారని అడగలేదు. నాకు స్టీలు గ్లాసే ఇచ్చాడు. ఆ గ్లాసు చూసి నాకు ఎంత సంతోషమైందో అతనికి తెలుసో లేదో. క్షమించానని అతను ఇప్పటికీ నోటితో అనలేదు. పండక్కి ఫోన్ మాత్రం చేస్తాడు.

బహ్లాలో చర్చి లేదు, సహవాసం లేదు, మైకు లేదు. శుక్రవారం ఎమర్జెన్సీ డ్యూటీ నాదే. వెళ్ళిన మొదటి శుక్రవారం ఒక మేడ మీద ఉన్నాను. వాల్వు తెరిచాను. వంగి పైపు పట్టుకున్నాను. చేతికి చల్లగా తగిలింది. అయినా పైకి అడిగాను. "నాయనా, రెండూ తెరిచానంటావా?"

కింద నా కొత్త జత, జగిత్యాల నుంచి వచ్చిన యాభై ఏళ్ళ మనిషి, తలెత్తాడు.

"ఎవలతోని మాట్లాడుతున్నవే అన్నా? ఆడ ఇంకెవలన్న ఉన్నరా?"

"ఉన్నారు" అన్నాను.

"గట్లనా. మరి ఆయన్ని జెర ఆ పానా కిందికి ఇయ్యుమను."

అదే పూట సహవాసం నుంచి ఫోన్ వచ్చింది. నా తర్వాత సెక్రటరీ అయిన తమ్ముడు. మంచివాడు, నేను తయారుచేసినవాడు. "అన్నయ్యా, దూరంగా ఉన్నారు కదా, ఫోన్లో సాక్ష్యం చెప్పండి. రికార్డు చేసి ఆరాధనలో వినిపిస్తాం."

ఎండలో నిలబడి, గొంతు సర్దుకుని, చెప్పాను. "ఈ వారం ఆయన నన్నొదల్లేదు. అంతే."

అటు నుంచి కాగితాలు తిప్పిన చప్పుడు వినబడింది.

"అంతేనా అన్నయ్యా? ఏం మేలు జరిగిందో..."

"అదే తమ్ముడూ."

"అది కాదన్నయ్యా. మీకు తెలియనిదేముంది..." అతనికి పాపం మొహమాటం. "రూలు ఉంది కదా."

ఉంది. ఆ శుక్రవారం నా సాక్ష్యం వినిపించలేదు.